ఆ పుస్తకం ఎవరి సొత్తు?

1991 డిసెంబరు నెలాఖరు. మరి కొద్ది దినాలలో రవీంద్రనాథ ఠాకూరు రచనలు జాతి యావత్తుకూ సొత్తు కావలసి ఉన్నవి. మహాకవి 1941 ఆగస్టులో మరణించాడు. 1957 నాటి కాపీరైటు చట్టం రచయిత మరణానంతరం 50 సంవత్సరాలు మాత్రమే హక్కు నిలిపింది. ఆ లెక్క మరణించిన ఏటికి మరుసటి జనవరి 1 నుంచి మొదలవుతుంది. విశ్వభారతి చేతిలోని హక్కు ఇక జారిపోతుందనగా, ప్రభుత్వం గడువును 60 సంవత్సరాలకు పెంచింది. సవరణ డిసెంబరు 28 నుంచి అమలులోకి వచ్చింది. ఒక్క కవికోసం విప్పిన గొడుగు క్రిందికి, అప్పటికి హక్కు తీరని రచయితలందరూ వచ్చి చేరారు!

కనుకనే మహాత్మాగాంధీ రచనలు 2009 జనవరి 1న గాని స్వేచ్ఛ పొందలేదు. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగం ఏనాడో అందరివారయ్యారు. 1979లో కన్నుమూసిన చలం పుస్తకాలను అనుమతి లేకుండా ముద్రించాలంటే 2039 ముగిసేదాకా వేచి ఉండవలసిందే.

అయితే హక్కు తీరినంత మాత్రాన గ్రంథం పాఠకుని చేతికి వస్తుందా?

కొన్నేళ్ళ క్రితం ఒక జిల్లా కేంద్రంలోని పాత గ్రంథాలయంలో ఒక యాత్రాచరిత్ర కావాలని అడిగాను. గ్రంథపాలకుడు దానిని పసిబిడ్డను ఎత్తుకున్నట్లు రెండు చేతులా తెచ్చాడు. "పుట తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టండి" అన్నాడు. హాస్యం కాదు. కట్టెగుజ్జుతో చేసిన కాగితాన్ని అందులోని ఆమ్లమే ఏళ్ళ తరబడి తినివేస్తుంది. అంచులు అటుకులలా రాలుతాయి. నకలు తీయించమన్నాను. "యంత్రం మీద అదిమితే వెన్ను విరుగుతుంది. పైగా అనుమతి లేదండీ" అన్నాడు. ఎవరి అనుమతి? అది ఆయనకూ తెలియదు.

ఈ దుస్థితికి విరుగుడుగా ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో భారత డిజిటల్ గ్రంథాలయం వెలసింది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రజ్ఞుడుగా ఖ్యాతి గడించిన రాజ్ రెడ్డి పది లక్షల గ్రంథాల సంకల్పానికి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తోడుపడింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ చేయి కలిపింది. వేలాది తెలుగు పుస్తకాలు పుట పుటా ఛాయాచిత్రాలుగా మారాయి. పేర్లను మాత్రం రోమను లిపిలో ఎవరికి తోచినట్లు వారు నమోదు చేశారు. ఒకే గ్రంథం కోసం నాలుగు విధాల వెదకవలసి వచ్చేది. దొరికినప్పటి ఆనందం వేరు!

హక్కు తీరిన పుస్తకాలతో పాటు తీరనివీ అందులో చేరాయి. చివరకు కాపీరైటు ఉల్లంఘనల పేరిట ఆ ద్వారమే మూతపడింది. నిన్న మొన్నటి రచయిత కోసం నూరేళ్ళనాటి రచయితకూ తాళం పడింది. అదృష్టవశాత్తూ అమెరికా దేశీయుడు కార్ల్ మాలమూద్ నాలుగు లక్షలకు పైగా ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవులో చేర్చి ఉంచాడు. నేటికీ వాటిని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

పాత పుటను ఛాయాచిత్రం తీసినవానికి కొత్త హక్కు పుడుతుందా? శ్రమ ఒక్కటే చాలదు, కొంతైనా సృజన ఉండాలని మన సుప్రీంకోర్టు 2007లో, న్యాయస్థానాల తీర్పుల ప్రచురణకు సంబంధించిన వ్యాజ్యంలో చెప్పింది. ఆ సూత్రాన్ని బట్టి చూస్తే ఉన్నది ఉన్నట్లు తీసిన ప్రతిమీద యాజమాన్యం చాటుకోవడం కష్టం. నూతన పీఠిక, వ్యాఖ్య, అనువాదం మాత్రం వేరే సొత్తులు.

అసలు చిక్కు అనాథ గ్రంథాలది. ముద్రాలయం ఏనాడో మూతబడింది; వారసుల జాడ లేదు. 2012 సవరణ అటువంటి ప్రచురిత గ్రంథాలకు సైతం లైసెన్సు కోరే మార్గం తెరచింది. కాని కోరేవాడు ముందుగా దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి, దరఖాస్తు పెట్టాలి, రుసుము చెల్లించాలి. మూడు వందల ప్రతులైనా అమ్ముడుపోని పుస్తకానికి ఇంత వ్యయం భరించేదెవరు?

నేను అడిగిన యాత్రాచరిత్ర ముఖపత్రం మీద రచయిత పేరున్నది, ముద్రణ సంవత్సరమున్నది. ఆయన మరణించిన సంవత్సరం మాత్రం ఎంత వెదికినా దొరకలేదు. అది తెలియనిదే 60 సంవత్సరాల లెక్క మొదలుకాదు. గ్రంథపాలకుడు పుస్తకాన్ని పాత పంచె ముక్కలో చుట్టి, తిరిగి బీరువాలో పెట్టి తాళం వేశాడు.