ఉప్పునీటిని వడకట్టే పొర

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఒక రాత్రి ఉంచితే జాడీలో ఊట చేరుతుంది. ఆ నీటిని ఎవరూ పోయలేదు. అది ముక్కలలో నుండే వచ్చింది. ముక్కలోని కణాల చుట్టూ పలుచని పొరలు ఉంటాయి. వాటి గుండా నీరు ఉప్పు తక్కువగా ఉన్న వైపు నుండి ఎక్కువగా ఉన్న వైపుకు పోతుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు.

ఈ ధర్మానికి, సముద్రపు నీటిని మంచినీటిగా మార్చడానికి దగ్గరి సంబంధం ఉంది. అదేమిటో చూద్దాం.

నీటిని బట్టతో వడగడితే నలుసులు పోతాయి. అతి సన్నని రంధ్రాలు గల పొరతో వడగడితే కంటికి కనిపించని సూక్ష్మజీవులు కూడా ఆగిపోతాయి. కాని నీటిలో కరిగిన ఉప్పు వీటిలో దేనికీ చిక్కదు. దానిని ఆపడానికి, నీటిని పోనిచ్చి లవణాలను అడ్డగించే ప్రత్యేకమైన పొర కావాలి.

అటువంటి పొరకు ఒకవైపు ఉప్పునీరు, మరొకవైపు మంచినీరు ఉంచితే, ఊరగాయ జాడీలో జరిగినట్లే మంచినీరు ఉప్పునీటిలోకి పోతుంది. అయితే ఉప్పునీటిని పంపులతో గట్టిగా నొక్కితే నీటి దారి మారుతుంది. ఉప్పు వెనుకనే ఉండిపోయి, మంచినీరు పొర దాటి ఇవతలికి వస్తుంది. ఇదే తిరోగమన ద్రవాభిసరణం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిని పొర దాటించడానికి వాతావరణ పీడనం కంటే 50 రెట్లకు పైగా ఒత్తిడి అవసరమవుతుంది.

మొదట్లో ఇటువంటి పొరల గుండా నీరు చాలా నెమ్మదిగా వచ్చేది. 1960 నాటికి అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి మేలైన పొరను తయారుచేశారు. ఉప్పును ఆపే భాగాన్ని అతి పలుచగా చేసి, దాని కింద రంధ్రాలు గల మందమైన ఆధారాన్ని ఉంచడమే అందులోని కిటుకు.

చెన్నై నగరం కోసం ఈ పద్ధతిపై 2010లో మీంజూరు వద్ద, 2013లో నెమ్మేలి వద్ద కేంద్రాలు ప్రారంభమయ్యాయి. ఒక్కొక్కదానిని రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు ఇచ్చేలా నిర్మించారు.

ఇంత మేలు చేసే పద్ధతికి ఖర్చూ ఉంది. పంపులు నడపడానికి ఎంతో విద్యుత్తు కావాలి. పది లీటర్ల సముద్రపు నీటి నుండి దాదాపు నాలుగు లీటర్ల మంచినీరే లభిస్తుంది. మిగిలినది మరింత ఉప్పగా మారి తిరిగి సముద్రంలో చేరుతుంది. అక్కడి జీవులకు హాని కలగకుండా దానిని జాగ్రత్తగా వదలాలి.

ఇళ్లలో ఈ పద్ధతిపై పనిచేసే యంత్రాలు కూడా కొంత నీటిని బయటికి వదులుతాయి. చాలా యంత్రాలలో మనం తాగే నీటికంటే అలా పోయే నీరే ఎక్కువ. దానిని బకెట్‌లో పట్టి, ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. చెరువులు, బావులు మంచినీటిని ఇంత శ్రమ లేకుండానే మనకు ఇస్తున్నాయి. వాటిని పాడుచేసుకుంటే, ఆ నీటికోసం యంత్రాలపై ఆధారపడవలసి వస్తుంది.