దండగ, దండగ, డగదం!

'పాలు' అనే మాటను పైకి, గుక్క తిప్పుకోకుండా, గబగబా ఓ అరనిమిషం అంటూ పోండి. మొదట్లో తెల్లటి పాలు, పొంగుతున్న గిన్నె, మీగడ మనసులో మెదులుతాయి. కాసేపటికి నాలుక తడబడి అది 'లుపా లుపా' అవుతుంది. పాలు పోయి ఒట్టి చప్పుడు మిగులుతుంది.

ఈ వింతను వందేళ్ల కిందటే తన పాఠ్యపుస్తకంలో రాసినవాడు అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టిచ్నర్. ఒకే మాటను ఆపకుండా అంటుంటే దాని శబ్దానికీ అర్థానికీ ఉన్న ముడి కాసేపు వదులవుతుంది. చాలాకాలం తర్వాత నెవాడా విశ్వవిద్యాలయంలోని స్టీవెన్ హేస్ బృందం దీన్ని చికిత్సలోకి తెచ్చింది. పాల మీద పనిచేసేది తిట్టు మీద ఎందుకు పనిచేయదు?

పరీక్ష తప్పినా, పప్పు మాడినా, మీటింగులో నోరు పెగలకపోయినా మన లోపల ఎవరో 'నువ్వొట్టి దండగ' అంటారు. వాక్యంతో పని లేదు, అందులోంచి ఒక్క మాట తీసుకోవాలి. 'దండగ దండగ దండగ' అని వేగంగా అంటూ పోతే కాసేపటికి అది 'డగదం డగదం' అని డప్పు మీద దరువులా వినిపిస్తుంది. దరువు విని కుంగిపోవడం కష్టం.

హేస్ దగ్గర పనిచేసిన అకిహికో మసుదా 2004లో దీన్ని పరీక్షించాడు. అందులో ఉన్నది ఎనిమిది మంది విద్యార్థినులే. అంత చిన్న ప్రయోగాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కానీ 2009లో ఆయన బృందం ఎంతసేపు అంటే ఎంత ఫలితమో విడివిడిగా కొలిచింది. మాట కలిగించే బాధ 3 నుంచి 10 సెకన్లలోనే దిగిపోయింది. 'ఇది నిజమే' అన్న నమ్మకం సడలడానికి మాత్రం 20 నుంచి 30 సెకన్లు పట్టింది. నొప్పి కన్నా నమ్మకం మొండిది.

ఇంత తమాషా ఎందుకు, 'నేను మంచివాణ్ణి, గొప్పవాణ్ణి' అని రోజూ చెప్పుకుంటే పోలేదా? వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెప్పేది అదే. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోవాన్ వుడ్ బృందం 2009లో దీన్నీ పరీక్షించింది. తమ మీద తమకు చులకన భావం ఉన్నవాళ్లు అలాంటి వాక్యం చెప్పుకున్నాక మరింత దిగాలు పడ్డారు. పోనీ ఆ ఆలోచనను నెట్టేద్దామా అంటే, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దన్న కొద్దీ అది తలపులోకి వస్తూనే ఉంటుందని డేనియల్ వెగ్నర్ 1987లోనే చూపించాడు. లోపలి గొంతుతో వాదించినా, నోరు మూయబోయినా దానికి పెద్దరికం ఇచ్చినట్టే.

అసలు ఆ గొంతు ఎక్కడిది? చిన్నపిల్లలు ఆడుకుంటూ తమలో తాము పైకే మాట్లాడుకుంటారు. పెరిగేకొద్దీ ఆ మాటలే లోపలికి వెళ్లి ఆలోచనలవుతాయన్నాడు రష్యన్ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ. లోపలికి వెళ్లినా నోటితో దాని చుట్టరికం తెగదు. తలలో పాట ఆగకుండా తిరుగుతుంటే చూయింగ్ గమ్ నమిలితే కొంత తగ్గుతుందని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో చూపించింది అందుకే: దవడ వేరే పనిలో పడితే లోపలి పాటకు చోటు తగ్గుతుంది.

నోటితో చుట్టరికం ఉన్న గొంతును మార్చడమూ మన చేతిలో పనే. ఆలోచనను కార్టూన్ గొంతులో అనమనీ, పాటగా పాడమనీ హేస్ పద్ధతి పాటించే వైద్యులు చెబుతారు. మనకు రైల్వే స్టేషన్ ఉండనే ఉంది. 'దయచేసి వినండి. నేనెందుకూ పనికిరాను అనే ఆలోచన మరికొద్ది నిమిషాల్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చును.' మాట అదే. ఎక్కాలా వద్దా అన్నది మాత్రం మన ఇష్టం.

అయితే ఈ కిటుకులు రోజువారీ చిరాకులకే. వారాల తరబడి నిద్రా ఆకలీ పోయినా, చచ్చిపోవాలనిపించినా ఆటలు కట్టిపెట్టి డాక్టరును కలవాలి. టెలి-మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మళ్లీ చిరాకుల సంగతికొస్తే, ఇంకో కిటుకు, నన్నడిగితే అన్నిటికన్నా తేలికైనది, మనల్ని మనం పేరుపెట్టి పిలుచుకోవడం. 'నేనెందుకిలా చేశాను' అనే బదులు 'సుజాతా, ఏమైందిప్పుడు? మెయిల్‌లో ఒక తప్పు దొర్లింది, అంతేగా' అనడం. జేసన్ మోజర్, ఈథన్ క్రాస్ బృందం 2017లో మెదడు తరంగాలను చూస్తే, ఇలా పేరుతో పలకరించుకున్నప్పుడు ఒక్క సెకనులోపే ఉద్వేగపు సంకేతం తగ్గింది. పైగా మెదడు అదనంగా శ్రమపడిన ఆనవాళ్లూ లేవు. త్యాగరాజు తన మనసునే ఎదుటి మనిషిలా పిలిచి మందలించిన కీర్తనలు చాలానే ఉన్నాయి. ఆయనకు యంత్రాలు అక్కర్లేకపోయాయి.

పిల్లలకు ఇంకాస్త వేషం కావాలి. 2017లోనే రేచెల్ వైట్ బృందం నాలుగు, ఆరేళ్ల పిల్లలు 180 మందికి పది నిమిషాల విసుగుపుట్టే పని ఇచ్చి, పక్కనే ఐప్యాడ్‌లో ఆట పెట్టింది. కొందరు 'నేను కష్టపడుతున్నానా' అని, కొందరు తమ పేరుతో, కొందరు 'బ్యాట్‌మన్ కష్టపడుతున్నాడా' అని తమను తాము అడుగుతూ ఉండాలి. ఎక్కువసేపు పని చేసింది బ్యాట్‌మన్ లాంటి వేషం కట్టినవాళ్లు, ఆ తర్వాత పేరుతో ప్రశ్నించుకున్నవాళ్లు, అందరికన్నా వెనక 'నేను' బ్యాచి. మొత్తమ్మీద చూస్తే మాత్రం పిల్లల సమయంలో ఎక్కువ భాగం ఐప్యాడ్‌కే పోయింది.