చదువుటయే నేరమైన రాజ్యము

మతము పేర నిరంకుశాధికారము నెలకొన్నచోట స్త్రీవద్దనుండి మొట్టమొదట హరింపబడు వస్తువేది? కెనడా రచయిత్రి మార్గరెట్ అట్వుడ్ 1985లో ప్రకటించిన ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ అను నవల ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధాన మొసగుచున్నది.

అమెరికాలో ప్రజాప్రభుత్వమును కూలద్రోసి ‘గిలియడ్’ అను మతరాజ్యము వెలసినదని అందలి కల్పన. ఒక్క దినముననే స్త్రీల యుద్యోగములు పోయినవి. బ్యాంకులలోని వారి ధనము భర్తల వశమైనది. పిదప సంతానము గనగల స్త్రీలను పట్టి, బిడ్డల గని యిచ్చుటకై అధికారుల యిండ్లకు పంపిరి. కథానాయికకు సొంత పేరు సైతము మిగులలేదు. ఆమె ‘ఆఫ్‌ఫ్రెడ్’, అనగా ఫ్రెడ్ అనువాని సొత్తు. స్త్రీలు చదువరాదు గనుక అంగళ్ల పలకలపై అక్షరములను చెరిపి బొమ్మలను మాత్రము నిలిపిరి.

చదువన్న నింత భయమేల? గిలియడ్ గృహములలో బైబిలు తాళము వేయబడి యుండును. యజమానుడే దానిని తీసి చదువవలెను. శిక్షణాలయమున స్త్రీలకు వినిపించు బైబిలు వాక్యములలో మౌనమును పొగడు వాక్య మొకటి చేర్చబడినది. అది కల్పితమని నాయిక యెరుగును. కాని గ్రంథము తెరచి చూచుటకు దారి లేదు. ఈ చిన్న ఘట్టమే నవలకు ప్రాణమని మేము తలచుచున్నాము. వినుచుండు భక్తురాలివలన నిరంకుశునకు భయము లేదు. చదివి ప్రశ్నించు భక్తురాలివలననే భయము.

ఈ పాశమును పేనినవారిలో స్త్రీలును గలరు. స్త్రీకి ఇల్లే తగిన స్థానమని ఊరూర నుపన్యసించిన సెరీనా జాయ్, తన మాట నెగ్గిన పిదప తానే యింట బందీయై మూగవోయినది.

దీనిని వట్టి యూహ యని త్రోసిపుచ్చరాదు. చరిత్రలో ఎక్కడను జరుగని దానిని ఈ నవలలో చేర్చలేదని రచయిత్రియే చెప్పియున్నది. నవల వెలువడిన తరువాతి చరిత్రయు ఆ త్రోవనే నడచినది. 2021 ఆగస్టులో తాలిబానులు కాబూలును వశపరచుకొనిరి. ఆరవ తరగతి దాటిన బాలికలకు పాఠశాలలు మూసిరి. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయముల ద్వారములను సైతము స్త్రీలకు మూసిరి. ధర్మరక్షణమే దీనికి చెప్పబడిన కారణము. కాని ఆ మతమునే యవలంబించు తక్కిన దేశములలో బాలికలు ఉన్నత పాఠశాలలలో చదువుచునే యున్నారు. కావున దోషము విశ్వాసమునందు గాక, దాని నడ్డుపెట్టుకొన్న అధికారమునందు గలదు.

ఏ రాజ్యము ధర్మగ్రంథమును స్త్రీచేతికి అందనీయక దాచునో, ఆ రాజ్యము కాపాడుకొనుచున్నది ధర్మమును గాదు, తన యసత్యమును మాత్రమేయని మా నిశ్చయము.