హాట్‌స్పాట్ డేటా మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందా? నెట్‌స్టాట్‌తో ఇలా కనిపెట్టండి

గంపలగూడెంలో ఇంటర్ పూర్తి చేసిన ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ లేదు. ఫోన్‌లో రోజుకు 1.5 జీబీ ప్లాన్, దాన్నే హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌కి ఇస్తాడు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్స్ పెట్టడానికి ఆ రాత్రే ఆఖరు. మధ్యాహ్నం కూర్చుని కాలేజీల లిస్టు చూశాడంతే. సినిమా చూడలేదు, గేమ్ డౌన్‌లోడ్ చేయలేదు. గంటలోపే డేటా అయిపోయిందని మెసేజ్! చాలా ప్లాన్లలో ఆ తర్వాత స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఇక వెబ్‌సైట్ ఓపెన్ అవ్వడమే కష్టం.

ఇలాంటప్పుడు మనం ముందు సిమ్‌ని తిడతాం. నిజానికి చాలాసార్లు డేటా తినేది మన ల్యాప్‌టాపే. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో ఒక ప్రోగ్రామ్ 5 ఎంబీపీఎస్ స్పీడుతో డౌన్‌లోడ్ చేస్తుంటే 1.5 జీబీ అయిపోవడానికి సుమారు 40 నిమిషాలు చాలు. అది ఏ ప్రోగ్రామో చెప్పే టూల్ విండోస్‌లోనే ఉంది. యాప్ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు.

ఏమిటీ నెట్‌స్టాట్?

నెట్‌వర్క్ స్టాటిస్టిక్స్‌కి షార్ట్ ఫామ్ ఇది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో మొదట కనిపించింది. అంటే మనలో చాలామంది కంటే వయసులో పెద్దది. మన కంప్యూటర్ ఈ క్షణంలో ఎవరెవరితో మాట్లాడుతోందో లిస్టు చూపిస్తుంది. స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైప్ చేసి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. కమాండ్లన్నీ ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

స్టెప్ 1: డేటా నిజంగా పోతోందా?

ముందు బ్రౌజర్ మొత్తం క్లోజ్ చేయండి. తర్వాత ఇది కొట్టండి:

నెట్‌స్టాట్ -ఇ 5

ప్రతి 5 సెకన్లకు ఒకసారి ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి అనే లెక్క వస్తుంది. మీరేమీ చేయకపోయినా రిసీవ్డ్ కింద అంకె కొంచెం కొంచెం పెరగడం మామూలే. కానీ ప్రతిసారీ లక్షల బైట్లు పెరుగుతుంటే ఎవరో లాగేస్తున్నట్టే. 5 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ నడుస్తుంటే 5 సెకన్లకు దాదాపు 31 లక్షల బైట్లు పెరుగుతాయి. ఆపడానికి కంట్రోల్, సీ కలిపి నొక్కండి. ఈ అంకెను కరెంటు మీటర్ రీడింగ్‌లా పైసాతో సహా నమ్మొద్దు. ఎంత వేగంగా తిరుగుతోందన్నదే మనకు కావాలి.

స్టెప్ 2: ఎవరు లాగుతున్నారు?

నెట్‌స్టాట్ -ఎన్ఓ

ఇది కొడితే లైవ్‌లో ఉన్న టీసీపీ కనెక్షన్లు వస్తాయి. లోకల్ అడ్రస్ మనది, ఫారిన్ అడ్రస్ అవతలి సర్వర్‌ది. ఫారిన్ అని ఉంది కదా అని కంగారు పడకండి, విదేశమని అర్థం కాదు. స్టేట్ దగ్గర ఎస్టాబ్లిష్డ్ అని ఉంటే కనెక్షన్ నడుస్తోందని, టైమ్ వెయిట్ అని ఉంటే అయిపోయిందని. 127.0.0.1తో మొదలయ్యేవి కంప్యూటర్ తనలో తాను మాట్లాడుకునేవి. వాటికి డేటా ఖర్చవదు.

అసలు విషయం చివరి కాలమ్‌లో ఉంది. అది పీఐడీ, అంటే ప్రోగ్రామ్ నంబర్. టాస్క్ మేనేజర్ తెరిచి డీటెయిల్స్ ట్యాబ్‌లో అదే నంబర్ వెతికితే పేరు దొరుకుతుంది. నేరుగా పేర్లే కావాలంటే నెట్‌స్టాట్ -బీ కొట్టండి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవమన్నది ఇందుకే.

ఎక్కువగా దొరికేది వీళ్లే

వన్‌డ్రైవ్ ఫోటోలను సింక్ చేస్తూ ఉండొచ్చు. గేమ్ లాంచర్ అప్‌డేట్ లాగుతూ ఉండొచ్చు. ఎస్‌వీసీహోస్ట్ పేరు కనిపిస్తే వైరస్ అనుకోకండి, అది విండోస్ సర్వీసులను నడిపేదే. దాని వెనక చాలాసార్లు విండోస్ అప్‌డేట్ ఉంటుంది. డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సర్వీస్ అయితే సెట్టింగ్‌ను బట్టి మీరు దించుకున్న అప్‌డేట్‌ని వేరే కంప్యూటర్లకు కూడా పంచగలదు. అది వాడే పోర్ట్ 7680.

ఒక్క మాట గుర్తుంచుకోండి. నెట్‌స్టాట్ ఏ కనెక్షన్ ఎన్ని ఎంబీలు తిన్నదో చెప్పదు, ఎవరు కనెక్ట్ అయి ఉన్నారో మాత్రమే చెబుతుంది. క్రోమ్‌లో యూట్యూబ్ లాంటివి చాలావరకు యూడీపీ మీద నడుస్తాయి. వాటి అవతలి అడ్రస్ ఈ లిస్టులో కనిపించదు. బ్రౌజర్ ముందే మూసేయమన్నది ఇందుకు కూడా.

ఆపడం ఎలా?

మన ఫోన్ హాట్‌స్పాట్‌ని విండోస్ మామూలు వైఫై అనుకుంటుంది. డేటా అన్‌లిమిటెడ్ అన్న ధీమాతో అన్నీ దించేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. చాలా అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ సింక్ అక్కడితో ఆగుతాయి. డెలివరీ ఆప్టిమైజేషన్‌లో వేరే పీసీల నుంచి డౌన్‌లోడ్లు అనుమతించే ఆప్షన్ ఆఫ్ చేయండి. గేమ్ లాంచర్లలో ఆటో అప్‌డేట్ విడిగా ఆపుకోవాలి. అప్‌డేట్లు మాత్రం పూర్తిగా మానేయకండి, సెక్యూరిటీకి అవి కావాలి. డేటా మిగిలిన రోజు పడుకునే ముందు చేసుకోండి.

ఇవన్నీ అయ్యాక స్టెప్ 1 మళ్లీ కొట్టి చూడండి. అంకె నెమ్మదించిందంటే పని అయినట్టే. మనవాడు ఈ పని పొద్దున్నే చేసుకుని ఉంటే, రాత్రి వెబ్ ఆప్షన్స్‌కి డేటా మిగిలేది. లినక్స్ వాడేవాళ్లు నెట్‌స్టాట్ బదులు ఎస్ఎస్ కమాండ్ వాడొచ్చు, పని అదే.