చౌర్యచిహ్నము – సాక్షి – నిర్ణయము

నెల్లూరి తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రము నంకితమొసగిన మూలఘటిక కేతన, 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరుని మితాక్షరను పద్యరూపమున తెనుగునకు తెచ్చెను. ఆ విజ్ఞానేశ్వరీయము తెనుగున తొలి ధర్మశాస్త్రగ్రంథముగా ప్రసిద్ధము. దానికి మూలమైన మితాక్షరయందలి ఒక ప్రశ్న నేటి న్యాయస్థానములకును, నెల్లూరి తీరప్రాంతపు నిన్నటి చరిత్రకును సంబంధించినది. దొంగయని ఒకని నెట్లు గుర్తింపవలెను? ఆ గుర్తింపు ఎంతవరకు ఋజువగును?

మొదట నేరస్వరూపమును చూతము. సొత్తుగలవాని కన్నుగప్పి హరించుట స్తేయమనియు, అతని యెదుటనే బలిమితో లాగికొనుట సాహసమనియు ప్రాచీనులు వేరుచేసిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయు ఈ భేదమును పాటించుచున్నది. దొంగతనము చేయుటకై గాని, సొత్తు తీసికొనిపోవుటకై గాని ఒకనిని గాయపరచిన, అడ్డగించిన, లేదా అప్పటికప్పుడే హాని కలుగునను భయము పుట్టించిన, అది 309వ సెక్షను క్రింద దోపిడి యగును. ఐదుగురుగాని అంతకు మించినవారుగాని కూడి చేసినచో 310వ సెక్షను ననుసరించి బందిపోటు. కావున ప్రాసిక్యూషనువారు మూడంశములు నిరూపింపవలెను: సొత్తు పోయినది, బలప్రయోగము జరిగినది, చేసినవాడు ఈ ముద్దాయియే. మొదటి రెండును బాధితుని వాఙ్మూలముచేతను, గాయములచేతను తేలవచ్చును. మూడవదియే కఠినము.

దొంగసొత్తు చేతనుండుట, అడుగుజాడలు, పూర్వాపరాధము, నివాసము తెలియకుండుట, ప్రశ్నింపగా నోరెండి గొంతు మారుట మున్నగువానిని యాజ్ఞవల్క్యుడు మనుష్యుని పట్టుకొనుటకు కారణములుగా చెప్పెను. అయితే ఈ చిహ్నములు కనబడినంత మాత్రమున దొంగయని నిర్ణయింపరాదని విజ్ఞానేశ్వరుడు హెచ్చరించెను. ఒకని చేతినుండి జారిపడిన సొత్తు నిర్దోషికి దొరకవచ్చును. దొంగయే దానిని పారవైచి పోవచ్చును. భారతమున ఆదిపర్వమందలి మాండవ్యుని కథ దీనికి ప్రసిద్ధోదాహరణము. దొంగలు సొమ్ముతో ఆశ్రమమున దాగగా, మౌనవ్రతుడైన ముని బదులు చెప్పకపోవుటయే నేరమునకు గుర్తై, శూలారోపణమునకు దారితీసెను. నేటి సాక్ష్యచట్టమును దొంగతనము జరిగిన కొలది కాలమునకే ఆ సొత్తు ఒకనియొద్ద దొరకి, అతడు సమాధానము చెప్పలేనిచో నేరమును ఊహింపవచ్చు ననుచున్నదే గాని, ఊహించి తీరవలెనని విధింపలేదు.

ఇక సాక్షి. సాధారణ వ్యవహారములలో మువ్వురికి తగ్గని సాక్షులను కోరిన యాజ్ఞవల్క్యుడు, చౌర్యసాహసములందు ఎవరైనను సాక్షులు కావచ్చునని సడలించెను. ఆకస్మికముగా జరుగు నేరమునకు సాక్షులను ఎంచి పెట్టుకొనుట సాధ్యము కాదుగదా! నేడును సాక్షుల సంఖ్యకు నియమము లేదు. ఒక్కని మాట నమ్మదగినదైన చాలును. అయితే సత్యవాదియైన సాక్షియు పొరబడవచ్చును. తీరపు దారిలో చీకటివేళ, కత్తి యెదుట, క్షణకాలము చూచిన అపరిచితుని ముఖము నెలలు గడచినపిమ్మట కోర్టుబోనులో ఒంటిగా నిలుచున్నవానికి సులభముగా అతుకును. ఈ ప్రమాదమును తగ్గించుటకే గుర్తింపు పెరేడు ఏర్పడినది. ముద్దాయిని అతనిని పోలిన ఇతరులతో కలిపి నిలిపి, మేజిస్ట్రేటు సాక్షిని పిలిచి గుర్తింపుమనును. ఆలస్యము చేసినను, అంతకు ముందే సాక్షికి ముద్దాయిని గాని ఫోటోను గాని చూపినను ఆ పరీక్ష విలువ సన్నగిల్లును. పెరేడు దర్యాప్తులో భాగమే యనియు, కోర్టులో చేసిన గుర్తింపే ప్రధానసాక్ష్యమనియు, పెరేడు దానిని బలపరచుననియు సుప్రీంకోర్టు 2003లో మల్ఖాన్ సింగు వ్యాజ్యమున వివరించెను.

ఈ జాగ్రత్తలన్నియు వ్యక్తిని వ్యక్తిగా చూచినప్పుడే సార్థకములు. 1911 నాటి నేరస్థజాతుల చట్టము దీనికి విరుద్ధముగా నడచినది. ఆ చట్టము క్రింద నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారి యాజమాన్యమున ఎరుకల కుటుంబములకు సెటిల్మెంటు ఏర్పడెను. స్మృతికారుడు చెప్పిన పూర్వాపరాధము ఒకడు తాను చేసినది. ఈ చట్టమున పుట్టుకయే చిహ్నమైనది. ఊరివారికిని పోలీసులకును ముందుగనే దొంగయని ముద్రపడిన ముఖమును సాక్షి గుర్తించినచో, అది నేరరాత్రి చూచిన ముఖమో, లోకము చూపిన ముఖమో తేల్చుట యెట్లు? 1952 ఆగస్టు 31 నాటికి నేరస్థజాతుల చట్టము దేశమంతటను రద్దయినది. ముద్ర మాత్రము చట్టముతోనే తొలగిపోలేదు.

చిహ్నము విచారణకు ద్వారము. అదియే తీర్పైననాడు మాండవ్యుని శూలము మరల నిలుచును. విజ్ఞానేశ్వరీయ వ్యవహారకాండమును పరిశోధించువారు ఈ హెచ్చరికను నేటి న్యాయచరిత్రతో జోడించి చదువుట యుక్తము.