హాస్పీస్ సంరక్షణ, వియోగదుఃఖం: సామాజిక కార్యకర్త పాత్ర

1. ఉపోద్ఘాతం:

'సామాజిక కార్యకర్త' అనే మాట వినగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది ఉద్యమకారుని రూపం. వైద్యరంగంలో ఈ మాటకు అర్థం వేరు. సమాజకార్యంలో స్నాతకోత్తర విద్య పూర్తిచేసి, ఆసుపత్రిలో వైద్యుడు, నర్సులతో కలిసి పనిచేస్తూ, రోగి కుటుంబ పరిస్థితులను, ఆర్థిక ఇబ్బందులను, మానసిక వేదనను పరిశీలించి తగిన సాయం అందేలా చూసే వృత్తినిపుణులను ఈ పేరుతో పిలుస్తారు. 1936లో ముంబయిలో వెలసిన నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌తో మన దేశంలో ఈ విద్య మొదలైంది. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు ఎం.ఎస్.డబ్ల్యూ. పేరిట దీనిని బోధిస్తున్నాయి. ఒకే మాట రెండు అర్థాలను మోయవలసి రావడంతో రెండవ అర్థం మరుగున పడిపోయింది.

వ్యాధి నయం కాదని తేలిన తరువాత, చివరి నెలలలో రోగి బాధను తగ్గించడమే లక్ష్యంగా అందించే సేవ హాస్పీస్ సంరక్షణ. అది ప్రత్యేక భవనంలో జరగవచ్చు, రోగి ఇంటిలోనే జరగవచ్చు. పాలియేటివ్ కేర్ అనే విస్తృత వైద్యవిభాగంలో ఇది ఒక భాగం. మరణానికి ముందు కుటుంబంలో అలముకొనే మౌనానికీ, మరణానంతరం ఆ కుటుంబం అనుభవించే దుఃఖానికీ మధ్యగల సంబంధాన్ని ఆధారం చేసుకొని, ఈ సంరక్షణలో సామాజిక కార్యకర్త పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. హాస్పీస్ భావన – సామాజిక కార్యకర్త:

ఆధునిక హాస్పీస్ ఉద్యమానికి మూలపురుషులు ఎవరని అడిగితే వైద్యురాలు సిసిలీ సాండర్స్ పేరు చెబుతారు. ఆమె వైద్యురాలు కావడానికి ముందు నర్సు; వెన్నునొప్పి వల్ల ఆ వృత్తి వదలి ఆసుపత్రి 'ఆల్మనర్' అయ్యారు. ఆల్మనర్ అంటే నేటి వైద్య సామాజిక కార్యకర్తే. ఆ ఉద్యోగంలో ఉండగానే లండన్‌లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ యూదు శరణార్థితో ఆమెకు పరిచయమైంది. క్యాన్సర్‌తో బాధపడుతున్న ఆయనకు అక్కడ అయినవారు లేరు. 1948లో మరణిస్తూ, ఆమె తలపెట్టిన ఆశ్రయానికి 500 పౌండ్లు విడిచి వెళ్ళారు. 1957లో వైద్యపట్టా అందుకున్న సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను ప్రారంభించారు. శారీరక, మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక బాధలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని చెప్పే ఆమె 'సంపూర్ణ వేదన' సిద్ధాంతానికి వైద్యశాస్త్రం ఎంత కారణమో, మంచం పక్కన కూర్చుని విన్న ఆల్మనర్ అనుభవమూ అంతే కారణం. కనుక హాస్పీస్ బృందంలో సామాజిక కార్యకర్తను తరువాత చేర్చుకున్న అదనపు సభ్యులుగా భావించడం చరిత్రకు విరుద్ధం.

అమెరికాలో మెడికేర్ నిబంధనల ప్రకారం 2023 వరకు ప్రతి హాస్పీస్ బృందంలోనూ వైద్యుడు, నర్సులతో పాటు సామాజిక కార్యకర్త ఉండి తీరవలసి ఉండేది. రోగి మరణించిన తరువాత ఒక సంవత్సరం వరకు కుటుంబానికి దుఃఖోపశమన సేవ అందుబాటులో ఉంచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన పాలియేటివ్ కేర్ నిర్వచనమూ కుటుంబం అనుభవించే వియోగదుఃఖాన్ని సేవ పరిధిలోకి తెచ్చింది.

3. చెప్పకపోవడం – దాని మూల్యం:

తెలుగునాట క్యాన్సర్ రోగి కుటుంబం వైద్యుని అడిగే మొదటి కోరిక తరచుగా ఒక్కటే: "ఆయనకు మాత్రం చెప్పకండి." రోగి ముందు జబ్బు పేరు 'గడ్డ' అవుతుంది, 'పుండు' అవుతుంది. ఈ దాపరికం వెనుక ఉన్నది ప్రేమే. అయితే చాలా సందర్భాలలో రోగికి విషయం తెలిసే ఉంటుంది. తెలిసినట్టు తెలిస్తే ఇంటివారు కుంగిపోతారని అతడూ నటిస్తాడు. ఒకే గదిలో అందరూ ఒకరి కోసం మరొకరు మౌనం వహిస్తారు.

ఈ మౌనానికి మూల్యం ఎవరు చెల్లిస్తారన్నది సామాజిక కార్యకర్త అడిగే ప్రశ్న. ఉదాహరణకు ఒక కౌలురైతు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడు, ఏ ప్రామిసరీ నోటు తీరింది, ఎవరికి చేబదులు ఇచ్చాడు అన్నది అతనికొక్కడికే తెలుసు. పోతున్నానని అతనికి చెప్పనివారు ఈ లెక్కలు అడగలేరు. అడిగితే అనుమానిస్తాడు. పదకొండో రోజు దాటాక అప్పులవాళ్ళు వస్తారు. తీరిన నోటుకు మళ్ళీ డబ్బు కట్టవలసినది భార్య. రోగిని కాపాడడానికి పాటించిన మౌనం ఆమె మీద అప్పుగా మిగులుతుంది.

ఇక్కడ సామాజిక కార్యకర్త కుటుంబంతో వాదనకు దిగరు. రోగికి నేరుగా వెళ్ళి చెప్పనూ చెప్పరు. ముందు కుటుంబాన్ని, చెబితే ఏమవుతుందని భయపడుతున్నారో అడుగుతారు. ఆత్మహత్య చేసుకుంటాడనా, తిండి మానేస్తాడనా, తమను నిందిస్తాడనా? భయానికి పేరు పెట్టగానే సగం పని అవుతుంది. తరువాత రోగిని, తన జబ్బు గురించి ఏమి తెలుసు, ఇంకా ఎంత తెలుసుకోవాలని ఉంది అని అడుగుతారు. కొందరు "నా కొడుకుతో మాట్లాడండి, నాకేమీ చెప్పవద్దు" అంటారు. అదీ గౌరవించవలసిన జవాబే. నిజం చెప్పడం హక్కు అనే పేరుతో వినలేనివారి మీద దానిని రుద్దడం ఈ వృత్తి లక్షణం కాదు.

కాగితాల పని కూడా ఇక్కడే మొదలవుతుంది. దీనిని గుమాస్తా పనిగా చిన్నచూపు చూడడం పొరపాటు. బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నదా? పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేర ఉన్నది? తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబీమా పథకం కింద 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారు రైతు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు వచ్చే ఏర్పాటు చేశారు. పట్టా లేని కౌలురైతు దాని పరిధిలోకి రాలేదు. ఈ తేడా మరణం తరువాత తెలిస్తే ఆ కుటుంబానికి అది రెండవ దెబ్బ. మరణాన్ని 21 రోజులలోగా నమోదు చేయించాలి. వితంతు పింఛనుకు మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. చికిత్స విషయంలో రోగి తన ఇష్టాన్ని ముందే రాసిపెట్టుకొనే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. మొదట జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం అవసరమైన ఆ పత్రానికి, 2023 సవరణ తరువాత నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతుంది. మాట పెగలని ఇంటిలో ఈ కాగితాలలో ఒక్కటీ కదలదు.

4. పెద్దకర్మ తరువాత:

దుఃఖాన్ని మోసే ఏర్పాటు తెలుగు సమాజంలో లేకపోలేదు. చిన్నకర్మ, పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం కాలాన్ని విభజించి దుఃఖానికి గడువులు పెడతాయి. ముస్లిం కుటుంబాలలో నలభయ్యో రోజు, క్రైస్తవ కుటుంబాలలో ఆదరణ కూడిక అటువంటివే. మొదటి పది రోజులు ఇంటి నిండా జనం ఉంటారు. పెద్దకర్మ భోజనాలు అయ్యాక బంధువులు వెళ్ళిపోతారు. వియోగ సంరక్షణలో సామాజిక కార్యకర్త ఇంటికి వెళ్ళవలసిన అసలైన సమయం అదే.

దుఃఖం గురించిన సిద్ధాంతాలలో బాగా ప్రచారం పొందినది ఎలిజబెత్ కూబ్లర్-రాస్ ఐదు దశల సిద్ధాంతం. 1969 నాటి ఆమె గ్రంథం మరణించబోయేవారి గురించినది. దానిని బతికి ఉన్నవారి దుఃఖానికి మెట్లుగా అన్వయించడం తరువాతి అలవాటు. స్ట్రోబ్, షుట్ 1999లో ప్రతిపాదించిన ద్వంద్వ ప్రక్రియా నమూనా తెలుగు ఇళ్ళలోని అనుభవానికి దగ్గరగా ఉంటుంది. దుఃఖితులు పోయినవారి జ్ఞాపకానికీ, బతుకును తిరిగి నిలబెట్టుకొనే పనులకూ మధ్య ఊగిసలాడుతూ ఉంటారని వారి ప్రతిపాదన. ఉదయం తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం నిలబడిన స్త్రీ సాయంత్రం భర్త చొక్కా పట్టుకుని ఏడవడంలో వైరుధ్యమేమీ లేదు. "ఇంత త్వరగా తేరుకుందే" అనే ఇరుగుపొరుగు మాట ఆమెను గాయపరుస్తుంది. ఆ మాటకు ఎదురుగా ఆమె పక్షాన నిలబడేది సామాజిక కార్యకర్త.

పరామర్శ అందరికీ అందదు. అత్తగారికి రెండేళ్ళు పక్క మార్చి, పుండు కడిగిన కోడలిని కాక, పట్నం నుంచి వచ్చిన కొడుకును పట్టుకుని ఏడుస్తారు. కెన్నెత్ డోకా 1989లో ఇటువంటి దానినే సమాజం గుర్తించని దుఃఖంగా వివరించారు. పిల్లల విషయం మరీ సున్నితం. 'కాలం చేశారు', 'పరమపదించారు' వంటి మర్యాద మాటలు పెద్దలకు ఊరట కావచ్చు. 'నాన్న ఊరెళ్ళాడు' అని విన్న నాలుగేళ్ళ పిల్లవాడు మాత్రం వీధిగుమ్మంలో ఎదురుచూస్తూ కూర్చుంటాడు. 'చనిపోయారు' అనే మాటనే నెమ్మదిగా, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పమని సామాజిక కార్యకర్త ఇంటివారికి నేర్పవలసి ఉంటుంది.

ఎంతకాలానికి దుఃఖం రుగ్మత అవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కనీసం 6 నెలలు అంటుంది. అమెరికా మనోవైద్యుల 2022 సవరణ పెద్దలకు 12 నెలలు అంటుంది. సంస్కృతి ఆచారాలను లెక్కలోకి తీసుకోవాలని రెండూ చెబుతాయి. సంవత్సరీకం వరకు శుభకార్యాలు మానుకొనే ఇంటిలో ఆరో నెలనాటి దిగులును చూసి మందు రాయడం తొందరపాటు. అన్నం మానడం, చనిపోవాలని పదేపదే అనడం వంటి సూచనలు కనిపిస్తే నెలలు లెక్కపెడుతూ కూర్చోవడం అంతకన్నా ప్రమాదం.

సంస్కృతంలో ఆలోచన అనే అర్థమున్న 'విచారం' తెలుగులో దుఃఖం అయింది. 'విచారించు' అంటే అడిగి తెలుసుకోవడం కూడా. వియోగ సంరక్షణలో జరిగే పని ఈ రెండర్థాల మధ్య ఉంటుంది.

5. తెలుగు రాష్ట్రాల స్థితి:

దేశంలో తొలి హాస్పీస్ శాంతి ఆవేదనా సదన్ 1986లో ముంబయిలో ఏర్పడింది. 1993లో కోళికోడ్‌లో ప్రారంభమైన సేవ, వార్డు స్థాయి స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో విస్తరించి, 2008లో కేరళ ప్రభుత్వ విధానానికి దారితీసింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, 2011లో మొదలైన స్పర్శ్ హాస్పీస్ ఈ రంగంలో ముఖ్యమైనవి. తెలంగాణ జిల్లాలలోనూ పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి.

అయితే ఆసుపత్రి దస్త్రం రోగి పేరుతో తెరుచుకుని, రోగి మరణంతో మూతపడుతుంది. భార్య పేరుకు, కోడలి పేరుకు అందులో స్థానం లేదు కనుక మూడవ నెలలో ఆమెకు ఫోన్ చేయడం ఎవరి విధి అన్నది రాసి ఉండదు. రోగి చేరిన రోజునే సంరక్షకుల పేర విడిగా ఒక పుట తెరవడానికి ఖర్చేమీ ఉండదు. కేరళలో వార్డు కార్యకర్తలు చేసిన పనికి తెలుగు పల్లెలలో ఆశా కార్యకర్త, మహిళా స్వయం సహాయక సంఘం సిద్ధంగా ఉన్నాయి. రోగి ఉండగానే ఆ ఇంటివారి అనుమతితో సంఘం నాయకురాలికి విషయం తెలియజేసి, పెద్దకర్మ మరునాటి నుంచి ఆ ఇంటి గడప తొక్కేవారిని ఏర్పాటు చేయడం శిక్షణ పొందిన ఒక్క సామాజిక కార్యకర్త చేయగలిగిన పని.