కొత్త ప్రాసెసర్‌ను వచ్చీరాగానే కొనాలా?

మంగళగిరి, విజయవాడ చుట్టుపక్కల పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లకూ, నీరుకొండ, ఐనవోలు యూనివర్సిటీల్లో చదివే పిల్లలకూ దసరా, దీపావళి రోజుల్లో తరచూ ఒకటే సందేహం. ఇంటెల్, ఏఎండీ కొత్త ప్రాసెసర్లు చాలాసార్లు ఆ రోజుల్లోనే దిగుతుంటాయి. వాటిలో అన్నింటికన్నా పై మోడల్‌ను వెంటనే కొనాలా, ఆగాలా? చాలామంది ఆగడమే మేలని నా అభిప్రాయం. ధర ఒక్కటే కారణం కాదు.

ముందు ధర సంగతే చూద్దాం. 2022 అక్టోబరులో ఇంటెల్ కోర్ ఐ9-13900కె 589 డాలర్లకు వచ్చింది. గరిష్ఠ వేగం 5.8 గిగాహెర్ట్జ్. 2023 జనవరిలో అదే చిప్‌ను 6 గిగాహెర్ట్జ్‌కు పెంచి, 13900కెఎస్ పేరుతో 699 డాలర్లకు అమ్మారు. మూడున్నర శాతం వేగానికి 110 డాలర్లన్నమాట. తొమ్మిది నెలలు తిరిగాక ఆ 6 గిగాహెర్ట్జ్ వేగమే 14900కె రూపంలో మళ్లీ 589కే దొరికింది. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ కొనాలనుకున్నవాళ్లకు అంతకాలం కూడా ఆగనక్కర్లేకపోయింది. 2022 సెప్టెంబరు చివర 699 డాలర్లున్నది, నవంబరు ముగిసేలోపే 575 దగ్గరకు దిగింది. మన దగ్గర 18 శాతం జీఎస్టీ, డీలర్ల లాభం అదనం.

అంత డబ్బు పెట్టినా తేడా ఎందుకింత చిన్నది? ఒకే డిజైన్‌తో తయారైన చిప్పుల్ని పరీక్షించి, ఎక్కువ వేగం తట్టుకున్నవాటిని పై మోడల్‌గా అమ్ముతారు. ఆ వేగం కోసం వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ కాస్త పెరిగినా కరెంటు వాడకం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 14900కె ప్రకటిత వాడకం 125 వాట్లు, పూర్తి వేగంలో 253 వాట్లు. ఆ కరెంటంతా చివరికి వేడే.

మన ప్రాంతంలో ఆలోచించాల్సింది ఈ వేడి గురించే. కూలర్ ఎంత ఖరీదైనదైనా చిప్ వేడిని గదిలోని గాలికే వదలగలదు. గది 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే చిప్ కూడా దాదాపు అంతే పైకి పోతుంది. రివ్యూ పరీక్షలు చల్లని గదుల్లో జరుగుతాయి. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో అదే చిప్ హద్దు తాకి, తన వేగం తానే తగ్గించుకుంటుంది. 7950ఎక్స్‌కు ఆ హద్దు 95 డిగ్రీలు. డబ్బు పోసి కొన్న ఆ చివరి మూడున్నర శాతమే ముందు పోయేది.

ఇక లోపాలు. 13వ, 14వ తరం ఇంటెల్ పై మోడళ్లు కొన్నవాళ్లలో ఎందరికో గేములు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నట్టుండి ఆగిపోయేవి. కొన్నిసార్లు వీడియో మెమరీ చాలడం లేదని తెర మీద కనిపించడంతో, పాపం, గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. చిప్ అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని ఇంటెల్ 2024 జులైలో గానీ చెప్పలేదు. ఆగస్టులో సరిదిద్దే మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీ మరో రెండేళ్లు పెంచింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. 2023 ఏప్రిల్‌లో ఏఎండీ 7000 ఎక్స్3డి చిప్పులు కొన్ని మదర్‌బోర్డుల్లో మాడిపోయాకే ఎస్ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులు దాటకుండా బయోస్‌లో కట్టడి చేశారు. ముందుగా కొన్నవాళ్లు తెలియకుండానే పరీక్షకులయ్యారు.

వీడియో స్టూడియోల వాళ్లు మరో విషయం గమనించాలి. ఇప్పటి కెమెరాల 10-బిట్ 4:2:2 హెచ్.265 ఫైళ్లు టైమ్‌లైన్‌లో తడబడకుండా కదలడానికి ఇంటెల్ చిప్‌లోని గ్రాఫిక్స్ భాగం, అంటే క్విక్ సింక్, ఎంతో సాయపడుతుంది. విడుదలప్పుడు 319 డాలర్లున్న ఐ5-14600కెలో ఉన్నదీ, 589 డాలర్లున్న ఐ9-14900కెలో ఉన్నదీ ఒకే యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్. చివరి రెండరింగ్‌లో ఐ9 ముందుంటుంది, నిజమే. రోజంతా కూర్చుని చేసే కటింగ్ పనిలో మాత్రం ఆ 270 డాలర్ల తేడాను ర్యామ్, మంచి ఎస్‌ఎస్‌డీ మీద పెడితే ఎక్కువ సుఖం. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న మోడల్‌లో ఆ గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, చూసుకుని కొనాలి.

ఆగితే నష్టపోయే సందర్భాలూ ఉన్నాయి. 2024 నవంబరులో 479 డాలర్లకు వచ్చిన రైజెన్ 7 9800ఎక్స్3డి వెంటనే అమ్ముడైపోయింది, ధర దిగుతుందని ఎదురుచూసిన గేమర్లకు సరుకే దొరకలేదు. ఐదారేళ్ల పాత మెషీన్ మీద రెండరింగ్ తెమలక ఆర్డర్లు వదులుకుంటున్న స్టూడియో కూడా ఆగనక్కర్లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. అయితే కార్తీక, మార్గశిర ముహూర్తాల నడిమధ్య పాత మెషీన్ తీసేసి, బయోస్ ఇంకా కుదురుకోని కొత్తదాని మీద పని పెట్టుకోవద్దు. కొన్నాక కనీసం ఓ నెల రెండూ పక్కపక్కన నడవాలి. సీల్ ఉన్న బాక్స్ ప్రాసెసరే తీసుకుని, సీరియల్ నంబరు వేసిన బిల్లు దాచుకోవాలి. పెంచిన ఆ రెండేళ్ల వారంటీ విషయంలో బాక్సు లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్లు కొన్నవాళ్లను ఇంటెల్ అమ్మినవాళ్ల దగ్గరికే వెళ్లమంది.